ఊడ్నడాటా ట్రాక్ మీద ఒంటరిగా సైకిల్, ఆపైన లారపింటా నడక: నీళ్ళ లెక్క, వాన రోజులు, విరిగే భాగాలు

మీ ప్రశ్న సారాంశం ఇది. అడిలైడ్‌లో ఉద్యోగం, వారాంతాల్లో వంద కిలోమీటర్లు తొక్కే అలవాటు, 2.2 అంగుళాల టైర్ల హార్డ్‌టెయిల్ (ముందు చక్రానికే సస్పెన్షన్ ఉండే) సైకిల్. జులైలో మారీ నుంచి మార్లా దాకా, దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలోని కంకర రోడ్డు ఊడ్నడాటా ట్రాక్ 620 కి.మీ. ఒంటరిగా తొమ్మిది రోజుల్లో తొక్కి, అక్కడి నుంచి ఆలిస్ స్ప్రింగ్స్ చేరి లారపింటా ట్రైల్ అనే కొండల నడక దారిలో కొంత నడవాలని ఉంది. రోజుకు నాలుగు లీటర్ల నీళ్ళు సరిపోతాయా, ఏమేం చెడిపోతాయి, ఫోన్ పనిచేస్తుందా అని అడిగారు.

నాలుగు లీటర్లు చాలవు, తొమ్మిది రోజులూ చాలవు. కాలం మాత్రం సరిగ్గా ఎంచుకున్నారు, జులై అక్కడ చలికాలం. మే నుంచి ఆగస్టు దాకా తప్ప మిగతా నెలల్లో ఈ దారిని సైకిల్ మీద తలపెట్టకండి. 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైన ఊరు ఊడ్నడాటా. ఆస్ట్రేలియాలో అంతకు మించిన ఉష్ణోగ్రత ఇంతవరకూ నమోదు కాలేదు.

ముందు దారి స్వభావం చెప్తాను, నీళ్ళ లెక్క దాన్నుంచే పుడుతుంది. ఎడారి మధ్యలో రోడ్డు అక్కడే ఎందుకుందంటే నేల కింద గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అనే పెద్ద భూగర్భ జలాల నిల్వ ఉంది కాబట్టి. దాని అంచున నీళ్ళు పైకి ఉబికి మట్టిదిబ్బల ఊటలుగా వరసగా కనిపిస్తాయి. ఆదివాసుల వర్తక దారులు ఆ ఊటల వెంటే సాగాయి. 1872లో టెలిగ్రాఫ్ తీగ, తర్వాత పాత ఘాన్ రైలు కూడా వాటి వెంటే వెళ్ళాయి. ఆ రైలు 1980లో ఆగిపోయింది. ఇప్పుడు ట్రాక్ పక్కన మీకు కనిపించే కూలిన స్టేషన్లు, వంతెనలు దానివే. ఇదంతా చదివి "ఊటల వెంట దారి కదా, నీళ్ళకేం కొదవ" అనుకుంటే మోసపోతారు. ఆ నీళ్ళలో ఉప్పు, ఖనిజాలు ఎక్కువ. పశువుల కోసం వేసిన బోర్ల నీళ్ళూ చాలాచోట్ల అంతే. మీ ఫిల్టర్ సూక్ష్మజీవులను ఆపుతుంది, ఉప్పును ఆపదు. కాచినా ఉప్పు పోదు సరికదా, ఇంకా చిక్కబడుతుంది. పైగా అలాంటి నీళ్ళు తాగితే విరేచనాలు పట్టుకుని ఉన్న నీళ్ళూ ఒంట్లోంచి పోతాయి.

కాబట్టి ఈ ట్రాక్‌ను 620 కిలోమీటర్లుగా చూడకండి, మూడు ముక్కలుగా చూడండి. మారీ నుంచి విలియం క్రీక్ సుమారు 205. అక్కడి నుంచి ఊడ్నడాటా 200. అక్కడి నుంచి మార్లా 210. ఒక్కో ముక్క ఒక్కో పొడి దూరం, మధ్యలో నమ్మదగిన తాగునీరు లేదు. మొదటి ముక్కలో మారీకి 130 కి.మీ. దగ్గర కౌవర్డ్ స్ప్రింగ్స్ క్యాంపు ఉంది. తాగే నీళ్ళు దొరుకుతాయేమో బయలుదేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి, దొరికితే అదనం అనుకోండి. అక్కడి స్పా కొలనులో మునగవచ్చు గానీ ఆ నీళ్ళు తాగడానికి కావు. రెండో ముక్కలో ఊడ్నడాటాకు సుమారు 55 కి.మీ. ముందు ఆల్జెబకీనా మడుగు వస్తుంది. 578 మీటర్ల పాత రైలు వంతెన పక్కనే కాబట్టి దాటిపోయే ప్రమాదం లేదు. వానలు పడిన ఏడాది అది ఆపద్ధర్మానికి పనికొస్తుంది. ఎండిన ఏడాది ఉప్పగా, బురదగా మారుతుంది. మూడో ముక్కలో ఏమీ లేదు.

ఇక లెక్క. చలికాలం పగలు 20 డిగ్రీల అటూ ఇటూ ఉన్నప్పుడు, బరువుతో కంకర మీద ఆరేడు గంటలు తొక్కితే తాగడానికే 4 లీటర్లు. మీరు చెప్పిన నాలుగు అక్కడే అయిపోయాయి. సాయంత్రం వంట, టీ, పొద్దున ఉప్మా కలిపి 2. చేతులు, గిన్నె కడగడం, ఒలికిపోయేది కలిపి ఇంకొకటి. రోజుకు 7 లీటర్లు. పగలు 30 దాటితే 10. రోజుకు 65–70 కి.మీ. చొప్పున ఒక్కో ముక్కకు మూడు రోజులు పడుతుంది. మూడో రోజు సాయంత్రానికి ఊళ్ళో ఉంటారు కాబట్టి ఆ పూట వంట నీళ్ళు తీసేయొచ్చు. మొత్తం 20 లీటర్లు. దీనికి తోడు 4 లీటర్ల నిల్వ. అంటే ప్రతి ముక్కకూ 24 లీటర్లతో బయలుదేరాలి.

ఆ 4 లీటర్లను చాలామంది ఇంకో యాభై కిలోమీటర్లు తొక్కడానికని లెక్కేస్తారు. అది ఒక రోజంతా నీడలో కదలకుండా కూర్చోవడానికి. సైకిల్ విరిగినా, జ్వరం వచ్చినా, రోడ్డు బురదైనా మీరు చేయవలసిన పని ఒకటే: ఉన్నచోటే ఉండటం. కదిలే మనిషికి ఆ నాలుగు లీటర్లు ఒక్క పగలు, కూర్చున్న మనిషికి ఒక పగలూ ఒక రాత్రీ వస్తాయి.

24 లీటర్లంటే 24 కిలోలు. ఒక్క సంచిలో పోయొద్దు. ముందు ఫోర్కుకు చెరోవైపు ఒకటిన్నర లీటర్ సీసా, ఫ్రేము త్రికోణంలో 4 లీటర్ల మెత్తటి సంచి, డౌన్‌ట్యూబ్ కింద ఒక లీటరు, వెనక చక్రానికి అటూ ఇటూ వేలాడే రెండు ప్యానియర్ సంచుల అడుగున చెరో 5, రాక్ పైన 6. ముందుగా రాక్ పైనది తాగేయాలి, ఎందుకంటే ఎత్తున ఉన్న బరువే ఇసుకలో హ్యాండిల్‌ను ఊపేస్తుంది. ఈ దేశంలో పెట్టెల్లో అమ్మే వైన్ లోపలి వెండిరంగు సంచి నీళ్ళ సంచిగా బాగా పనికొస్తుంది. బరువు లేదు, ఖాళీ అయితే మడిచి పెట్టుకోవచ్చు. కానీ ఉతికిన చొక్కాలో చుట్టి పెట్టండి. గతుకుల రాపిడికి సంచికి చిల్లు పడేది మూలలోనే, అదీ పక్కన ఉన్న స్టవ్ అంచు తగిలి.

దారిలో ఒకే ఒక నియమం పెట్టుకోండి. నీళ్ళు సగానికి వచ్చేసరికి దూరం సగం దాటి ఉండాలి. దాటకపోతే వెనక్కి తిరగాలి. ఎదురుగాలిలో ఈ రోడ్డు మీద గంటకు 8 కి.మీ. కూడా సాగని రోజులుంటాయి. చలికాలంలో ఇక్కడ ఆగ్నేయం నుంచి వీచే గాలి ఎక్కువ, అందుకే మారీ నుంచి మార్లా వైపు వెళ్ళడమే మేలు. కానీ దక్షిణం నుంచి చలిగాలుల వ్యవస్థ ఒకటి వచ్చిందంటే, దానికి ముందు ఒకటి రెండు రోజులు వాయవ్యం నుంచి ఎదురుగాలి కొడుతుంది. వాతావరణ సూచనలో ఉష్ణోగ్రత కన్నా ముందు గాలి దిక్కు చూడండి.

దారిలో వాహనాలు ఆగి నీళ్ళిస్తాయని విని ఉంటారు. నిజమే, ఖాళీ సీసా ఎత్తి చూపితే ఆగనివాళ్ళు అరుదు. కానీ దాన్ని లెక్కలో వేసుకోకండి, కారణం తరవాతి విషయంలో ఉంది.

వాన. జులైలో ఈ దారిలో ఎండ కన్నా ఎక్కువ మందిని ఆపేది వాన. పది పదిహేను మిల్లీమీటర్లు పడితే చాలు, ప్రభుత్వం రోడ్డు మూసేస్తుంది. మూసిన రోడ్డు మీద వెళ్తే పెద్ద జరిమానా, సైకిల్ కూడా వాహనమే. రోడ్డు మూసేశాక మీ పక్క నుంచి ఒక్క కారూ రాదు. పైన చెప్పిన నిల్వ పని మొదలయ్యేది అప్పుడే.

తడిసిన ఆ మట్టి రంగుకు ఎర్రగా ఉన్నా గుణంలో మన రేగడే. పొలం దారిలో ఎడ్లబండి చక్రానికి రేగడి ఎలా పట్టుకుంటుందో చూసినవాళ్ళకు వివరం అక్కర్లేదు. టైరు ఒక చుట్టు తిరిగేసరికి బురద, అందులో చిన్న గులకరాళ్ళు కలిసి ఫోర్కు సందులో బిగుసుకుంటాయి. అప్పుడు చాలామంది చేసే పొరపాటు తల వంచుకుని తోయడం. వెనక చక్రం తిరగదు, చైన్ మీద బురద ముద్ద కడుతుంది, గేర్లు మార్చే డిరైలర్ ముందుకు లాగబడి స్పోకుల్లో దూరుతుంది, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క, హ్యాంగర్, పుటుక్కుమంటుంది. ఒక్క పది మీటర్ల మొండితనానికి ఆ రోజుతో ప్రయాణం ఆగిపోతుంది. చినుకులు మొదలైన వెంటనే రోడ్డు వదిలి కాస్త ఎత్తున రాళ్ళ నేల మీదికి సైకిల్ ఎత్తుకుని వెళ్ళండి, వాగు పల్లంలో మాత్రం వద్దు. గుడారం వేసుకుని ఎండి గట్టిపడేదాకా ఆగండి. ఎండా గాలీ ఉంటే ఒకటి రెండు రోజులు. మడ్‌గార్డులు ఇంట్లోనే విప్పేసి రండి. మీ సైకిల్ మోడల్‌కు సరిపోయే హ్యాంగర్ ఒకటి కొని ఫ్రేముకే టేపుతో అంటించి ఉంచండి. ఊడ్నడాటాలో అన్ని రకాల కారు టైర్లూ దొరకొచ్చు గానీ మీ హ్యాంగర్ దొరకదు.

కాబట్టి రోజుల లెక్క ఇలా వేసుకోండి. తొక్కడానికి 9, విలియం క్రీక్‌లో ఒకటి, ఊడ్నడాటాలో ఒకటి విశ్రాంతి, వానకు 3. మొత్తం 14. మీకు సెలవు అంత లేకపోతే విలియం క్రీక్ నుంచి కూబర్ పీడీ వైపు 165 కి.మీ. రోడ్డు ఉంది, అక్కడ హైవే బస్సు అందుతుంది. మూడు ముక్కలనూ తొమ్మిది రోజుల్లో ఇరికించడం కన్నా అలా సగంలో ముగించడం మంచి ప్రయాణం. బయలుదేరే ముందు, ప్రతి ఊళ్ళోనూ, దక్షిణ ఆస్ట్రేలియా రవాణా శాఖ ఇచ్చే ఔట్‌బ్యాక్ రోడ్ల స్థితి చూడండి.

మారీ చేరడానికి అందరూ కారు లిఫ్టు వెతుకుతారు. నా సలహా వేరు. పోర్ట్ ఆగస్టా దాకా బస్సులో వెళ్ళి, క్వార్న్, హాకర్, లీ క్రీక్, లిండ్‌హర్స్ట్ మీదుగా సుమారు 380 కి.మీ. తొక్కండి. ఎక్కువ భాగం తారు రోడ్డు, ఒకటి రెండు రోజులకొక ఊరు. బరువు ఎక్కడ కుదరలేదో, ఏ బోల్టు వదులవుతోందో దుకాణాలున్న చోటే తెలిసిపోతుంది.

సైకిల్ సంగతి. 2.2 టైరుతో చచ్చీచెడీ వెళ్ళవచ్చు, కానీ ఫ్రేములో చోటుంటే 2.4 నుంచి 2.6 వేయండి. ట్యూబ్‌లెస్, ఒక్కో చక్రానికి సీలెంట్ (చిల్లులను లోపలి నుంచి పూడ్చే ద్రవం) మామూలు కన్నా కాస్త ఎక్కువ. ఎందుకంటే ఊళ్ళ దగ్గరా, క్యాంపు స్థలాల్లోనూ ఉన్న ముళ్ళు మీకు చిన్నప్పటి నుంచీ తెలిసినవే. మన పొలం గట్ల మీది పల్లేరు కాయే అక్కడా ఉంది, అదే మొక్క. ట్యూబుతో వెళ్తే ఒక్క చోట సైకిల్ పక్కకు దించినందుకు పది చిల్లులు పడతాయి. పల్లేరు కనబడితే ముల్లు పీకేయకండి, చక్రం తిప్పి సీలెంట్ అక్కడికి చేరాక తీయండి. రెండు ట్యూబులు, ప్యాచీలు, టైరు లోపల వేసే ఒక ముక్క, పెద్ద సూది, గట్టి దారం అయినా ఉండాలి. పక్కగోడ చీలితే సీలెంట్ ఏమీ చేయలేదు.

గాలి విషయంలో పట్నం అలవాటు మానేయండి. మనిషి, సైకిల్, నీళ్ళు కలిసి 120 కిలోలుంటే 2.4 టైరుకు ముందు 25, వెనక 30 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి. ఇక్కడి రోడ్డంతా వాషింగ్ బోర్డులా అడ్డగీతల గతుకులు. టైరు గట్టిగా ఉంటే ఆ అదురు అంతా రాక్ బోల్టుల మీద పడుతుంది. విరిగే వరస దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది: మొదట రాక్ కింది బోల్టు వదులై రాలుతుంది, దాని బరువు రెండో వైపు పడుతుంది, రెండో బోల్టు ఫ్రేము రంధ్రంలోనే తెగి మొండెం మిగులుతుంది. మొండెం మిగిలాక రోడ్డు మీద చేయగలిగింది హోస్ క్లాంపుతో (పైపులను బిగించే ఇనప పట్టీతో) కట్టుకోవడమే. అందుకే బయలుదేరే ముందు అన్ని రాక్, కేజ్ బోల్టులకూ నీలం రంగు థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా పట్టి ఉంచే జిగురు) వేయండి. ఎర్రది వేస్తే వేడి చేస్తే తప్ప ఊడదు. రోజూ సాయంత్రం గుడారం వేయకముందే ఆలెన్ కీ పట్టుకుని ఒక్కో బోల్టూ తాకి చూడండి, మూడు నిమిషాల పని. విడిగా: ఎం5 బోల్టులు ఎనిమిది, హోస్ క్లాంపులు నాలుగు, జిప్ టైలు, చైన్ లింకులు రెండు, మీ చక్రం కొలతకు సరిపోయే స్పోకులు నాలుగు, బ్రేకు ప్యాడ్లు ఒక జత. వెనక చక్రానికి 32 స్పోకులకు తగ్గకూడదు.

తిండి విషయంలో మనకో సౌలభ్యం ఉంది. అటుకులకు పొయ్యి అక్కర్లేదు, గ్లాసుడు నీళ్ళలో నానిపోతాయి. కందిపొడి, పుట్నాలపొడి, నూనె చుక్క ఉంటే పూట గడిచిపోతుంది. వేయించిన రవ్వలో పోపు కలిపి పొట్లాలు కట్టుకుంటే వేడినీళ్ళు పోసి మూత పెట్టడమే. అన్నం వండుకోవడం ఇక్కడ దండగ, నీళ్ళూ గ్యాసూ రెండూ తింటుంది. పల్లీ చిక్కీ, నువ్వుండలు తొక్కేటప్పుడు గంటకొకటి. రోజుకు 3,500 కేలరీలకు తగ్గకుండా పెట్టుకోండి, నీళ్ళలాగే తిండికీ రెండు రోజుల నిల్వ. వట్టి నీళ్ళే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి తలతిప్పు, వాంతులు వస్తాయి. దాన్ని దాహం అనుకుని ఇంకా తాగితే మరింత ప్రమాదం. రోజుకో ఓఆర్‌ఎస్ పొట్లం. ఇండియా నుంచి నెయ్యి, పొడులు తెప్పించుకునే ఆలోచన ఉంటే మానుకోండి, అడిలైడ్ ఇండియన్ షాపుల్లో కొనండి. వేరే రాష్ట్రం నుంచి స్నేహితులు వచ్చి కలుస్తుంటే తాజా పండ్లు, కూరలు తేవద్దని చెప్పండి, పండు ఈగ వల్ల దక్షిణ ఆస్ట్రేలియాలోకి రానివ్వరు. ఈగలంటే గుర్తొచ్చింది, ముఖానికి వల కొనండి. ఎండ కాస్త పెరిగితే అది లేకుండా తినలేరు.

ఫోన్. టెల్‌స్ట్రా సిమ్ అయినా, అదే నెట్‌వర్క్ పూర్తిగా వాడే బూస్ట్ అయినా, ఊళ్ళ దగ్గర తప్ప పనిచేయదనే అనుకోండి. ఒంటరిగా వెళ్తున్నారు కాబట్టి 406 మెగాహెర్ట్జ్ పీఎల్‌బీ, అంటే నొక్కితే ఉపగ్రహం ద్వారా సాయం కోరే చిన్న బీకన్, తప్పనిసరి. ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థ అమ్సా దగ్గర ఉచితంగా రిజిస్టర్ చేసి, ప్రయాణ వివరాలు కూడా అందులో నింపండి. అది సైకిల్ సంచిలో కాదు, మీ నడుముకు ఉండాలి. నొక్కాక ఆకాశం కనిపించేచోట పెట్టి అక్కడే ఉండండి. నొక్కిన చోటు నుంచి సాయం వెతుక్కుంటూ నడవడం ఈ ప్రాంతంలో మనుషుల ప్రాణాలు తీసిన తప్పు. రోజూ క్షేమ సమాచారం పంపడానికి శాటిలైట్ మెసెంజర్ వేరే ఉంటే మంచిది, కానీ అది పీఎల్‌బీకి బదులు కాదు. దాని బ్యాటరీ ఫోన్ బ్యాటరీ లాంటిదే.

క్షేమ సమాచారం ఎవరికి పంపాలి? అమ్మానాన్నలకు పంపండి, కానీ ఆఖరి గడువు కాపలా ఆస్ట్రేలియాలో ఉన్న ఒక్క మనిషికి అప్పగించండి. ఇండియా నుంచి ఆస్ట్రేలియా అత్యవసర నంబరు 000కు ఫోన్ చేస్తే ఇక్కడికి కలవదు, రాత్రి పదకొండింటికి ఎవరిని అడగాలో తెలియక వాళ్ళు నలిగిపోతారు. కాగితం మీద రాసివ్వండి: ఏ రోజు ఏ ఊరు చేరాలి, ఏ గంట దాకా ఎదురుచూడాలి, ఆ గంట దాటితే 131 444కు, అంటే దక్షిణ ఆస్ట్రేలియా పోలీసులకు, ఏమని చెప్పాలి. సైకిల్ రంగు, గుడారం రంగు, ఎన్ని లీటర్లతో బయలుదేరారు, పీఎల్‌బీ నంబరు కూడా అందులో ఉండాలి.

పాముల భయం చలికాలంలో తక్కువే. అయినా పది సెంటీమీటర్ల వెడల్పున్న సాగే బ్యాండేజీలు రెండు ఉంచుకోండి. కాటేస్తే మన దగ్గర చేసినట్టు పైన తాడు బిగించడం, కోయడం, కడగడం ఏదీ చేయొద్దు. కాటు మీద నుంచి కాలు మొత్తం గట్టిగా చుట్టి, కర్ర కట్టి, కదలకుండా కూర్చుని బీకన్ నొక్కాలి.

రాత్రి మకాం గురించి రెండు మాటలు. పశువుల నీటి తొట్టెకు అర కిలోమీటరు లోపల గుడారం వేయకూడదు, అది చట్టం. మనిషి ఉంటే పశువులు నీళ్ళకు రావు. ఇళ్ళకు కిలోమీటరు దూరం. రాత్రి సున్నాకు దిగుతుంది, ఆ చలిని ఆపలేని స్లీపింగ్ బ్యాగు వద్దు. తిండీ బూట్లూ డింగోలు ఎత్తుకుపోకుండా లోపల పెట్టుకోండి. కాటీ తండా – లేక్ ఐర్ ఉప్పు నేల దూరం నుంచి చూడండి, దిగవద్దు. అరబానా ప్రజలకు అది పవిత్రమైన చోటు.

మార్లా నుంచి ఆలిస్ స్ప్రింగ్స్ సుమారు 450 కి.మీ. స్టువర్ట్ హైవే. తొక్కకండి, బస్సెక్కండి. 53 మీటర్ల రోడ్ ట్రెయిన్లు తిరిగే రోడ్డు, చూడ్డానికీ ట్రాక్‌తో పోలిక లేదు. సైకిల్‌కు పెట్టె కావాలా అని బస్సు వాళ్ళను టికెట్టు కొనేటప్పుడే అడగండి.

లారపింటా వేరే తరహా. 220 కి.మీ.కు పైగా, పన్నెండు భాగాలు, ఆలిస్ స్ప్రింగ్స్ టెలిగ్రాఫ్ స్టేషన్ నుంచి ర్వెట్యెప్మె అనే మౌంట్ సోండర్ దాకా. రెండు రోజుల నడకకు మించని దూరంలో నీళ్ళ ట్యాంకులున్నాయి, అందుకే సైకిల్ భాగం కన్నా ఇది తేలిక. ట్యాంకు ఖాళీగా ఉండే అవకాశం ఎప్పుడూ ఉంది గనక ఒక రోజు నీళ్ళు మిగిలి ఉండగానే అక్కడికి చేరేలా చూసుకోండి. మీకున్న సమయానికి ఆర్మిస్టన్ గార్జ్ నుంచి ఫింక్ నదికి 9, అక్కడి నుంచి రెడ్‌బ్యాంక్ గార్జ్‌కు 26, ఆపైన సోండర్ శిఖరానికి రానూపోనూ 16 కి.మీ., నాలుగు రోజులు. క్యాంపు ముందే బుక్ చేయాలి, ఆలిస్ నుంచి తీసుకెళ్ళే వాహనం కూడా. నేలంతా పదునైన క్వార్ట్జైట్ రాయి. పాత బూట్ల అడుగు అక్కడ ఊడొస్తుంది, గాలి పరుపుకు స్పినిఫెక్స్ గడ్డి మొన చిల్లు పెడుతుంది. రెండు వారాలు తొక్కిన కాళ్ళు బలంగా ఉన్నాయనిపిస్తుంది గానీ దిగుడు నడకకు వాటికి అలవాటు ఉండదు. ఆలిస్‌లో రెండు రోజులు ఆగి, బూట్లు వేసుకుని ఊళ్ళో తిరగండి.

జులైకి ముందు ఒక పని చేయండి. ఏప్రిల్ చివర్లో ఒక వారాంతం 24 లీటర్లూ నింపి, పూర్తి సామానుతో అడిలైడ్ నుంచి మాసన్ ట్రైల్ అనే సైకిల్ దారి మీద రెండు రోజులు తొక్కి ఒక రాత్రి పడుకుని రండి. ఏ బోల్టు వదులైంది, ఏ సంచి చెమర్చింది, గంటకు ఎంత వేగం వచ్చింది, సాయంత్రానికి ఎన్ని లీటర్లు మిగిలాయి, ఈ నాలుగూ రాసి ఇక్కడ పెట్టండి. ఆ వేగం చూసి మీ రోజుల లెక్క మళ్ళీ వేద్దాం.